కంప్యూటర్లో కొట్టుకునే గుండె

గాంధారిలో ఓ కుటుంబం ఉందనుకుందాం. రెండెకరాల మక్క చేను, తల్లి చుట్టే బీడీలు... ఇల్లు గడిచేది ఆ రెంటితోనే. కొడుకు దుబాయ్‌లో ఉన్నాడు. కూతురు హైదరాబాద్‌లో బీటెక్ మూడో సంవత్సరం చదువుతోంది. నాలుగు నెలలుగా తండ్రికి చేను గట్టెక్కితే చాలు ఛాతీ పట్టేసినట్లవుతోంది. కాసేపు కూర్చుంటే తగ్గిపోతోంది. ఊళ్లో ఆర్‌ఎంపీ గ్యాస్ అన్నాడు. కామారెడ్డి డాక్టరు ఈసీజీ చూసి ‘ఓసారి హైదరాబాద్‌ల చూపించుకోన్రి’ అన్నాడు. అక్కడ సీటీ యాంజియో తీశారు. గుండెకు రక్తం తీసుకెళ్లే నాళాల్లో మూడుచోట్ల పూడికలు కనిపించాయి.

‘‘మూడింటికీ స్టెంట్లు ఎయ్యాల్నా సార్?’’ అడిగింది కూతురు.

ఈ కుటుంబం ఊహించుకున్నదే. ప్రశ్న మాత్రం కాదు. హైదరాబాద్‌లో గుండె డాక్టర్ల గదుల ముందు కూర్చుంటే రోజూ వినిపించేదే. అడిగేవాళ్లు డబ్బు గురించి అడుగుతున్నారని చాలామంది అనుకుంటారు. నిజమే, అదీ ఉంది. మందుపూత ఉన్న స్టెంటు ధరకు 2017 ఫిబ్రవరిలో కేంద్రం 29,600 రూపాయల పరిమితి పెట్టింది. అంతకుముందు లక్ష దాటి కట్టినవాళ్లెందరో! కానీ ఆ ప్రశ్నలో డబ్బు కంటే పెద్ద విషయం ఇంకోటుంది. స్కానులో ఇరుకుగా కనిపించిన ప్రతిచోటా రక్తం నిజంగా ఆగుతోందా?

ఆగకపోవచ్చు. కంటికి 60 శాతం మూసుకుపోయినట్లు కనిపించిన నాళంలోంచి గుండెకు కావలసినంత రక్తం హాయిగా వెళ్లిపోతుండొచ్చు. దాని పక్కనే 50 శాతం మాత్రమే పూడిన నాళం గుండెను మాడ్చేస్తుండొచ్చు. నాళం పొడవు, వంపు, అది ఎంత గుండె కండరానికి నీరుపోస్తోంది... ఇవన్నీ కలిస్తేగానీ తేలని లెక్క అది. ఆ లెక్కను తేల్చేందుకు డాక్టర్లు ఓ సన్నని తీగను నాళంలోకి పంపి, పూడికకు ముందు ఎంత పీడనం ఉంది, దాటాక ఎంత ఉందీ కొలుస్తారు. దీన్నే ‘ఎఫ్‌ఎఫ్‌ఆర్’ అంటారు. అవతలి పీడనం ఇవతలి దాంట్లో 80 శాతం కంటే ఎక్కువ ఉంటే సాధారణంగా స్టెంటు అక్కర్లేదు, మందులు చాలు. అమెరికా, ఐరోపాల్లో 1,005 మందిపై చేసిన ‘ఫేమ్’ అధ్యయనం ఫలితాలు 2009లో వచ్చాయి. కంటిచూపుతో నిర్ణయించినవాళ్లకు సగటున 2.7 స్టెంట్లు పడితే, తీగతో కొలిచి నిర్ణయించినవాళ్లకు 1.9 పడ్డాయి. తక్కువ స్టెంట్లు వేయించుకున్నవాళ్లే ఏడాది తరువాత ఎక్కువ బాగున్నారు కూడా. మరణం, గుండెపోటు, మళ్లీ ఆపరేషన్... ఇవన్నీ కలిపి చూస్తే మొదటి బృందంలో 18.3 శాతం మందికి, రెండో బృందంలో 13.2 శాతం మందికి ఎదురయ్యాయి.

ఆ తీగ కూడా పంపకుండా, మనిషిని ముట్టుకోకుండా, తీసిన సీటీ స్కానులోంచే ఆ లెక్క తేల్చేస్తే?

ఆ పని చేసే చదువు ఒకటుంది. మనిషి గుండెనో, మెదడునో, ఎముకనో కంప్యూటర్లో మళ్లీ కట్టి, దానికి జబ్బుచేయించి, మందేసి, కత్తిపెట్టి చూసి, ఆ తరువాతే అసలు మనిషి దగ్గరకు వెళ్లడం నేర్పే పీజీ చదువు. అవయవాల కంప్యూటేషనల్ మోడలింగ్ అంటారు. మన ఊళ్లలో ఈ పేరు విన్నవాళ్లు తక్కువ. బీటెక్ అయిపోయాక ‘అమెరికాలో ఎమ్మెస్సా, ఇక్కడే సాఫ్ట్‌వేరా’ అన్న రెండు దారులే కనిపించే ఇళ్లలో ఈ మూడోదాని గురించి మాట్లాడేవాళ్లు ఇంకా తక్కువ.

నిజాంసాగర్ లెక్కే!

ఎలా కడతారు గుండెను? అది అర్థం కావాలంటే గాంధారి వాళ్లకు దూరం వెళ్లక్కర్లేదు. జిల్లాలోనే నిజాంసాగర్ ఉంది. మంజీరా మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన ప్రాజెక్టు. దాని కాలువలు తవ్వకముందే ఇంజినీర్లు కాగితం మీద లెక్కలు కట్టారు. కాలువ ఇంత వెడల్పు, ఇంత వాలు ఉంటే నీళ్లు ఇంత వేగంగా వెళ్తాయి, ఇక్కడ తూము పెడితే చివరి పొలానికి ఇన్ని అందుతాయి అని. ప్రవాహాన్ని లెక్కగట్టే మూల సమీకరణాలు పందొమ్మిదో శతాబ్దంలోనే వచ్చాయి. నేవియర్, స్టోక్స్ అనే ఇద్దరి పేర్లతో పిలుస్తారు వాటిని. నీటికి పనిచేసే ఆ సూత్రాలే రక్తానికీ పనిచేస్తాయి.

ముందు సీటీ స్కానులోని వందల పొరల్లో ఒక్కోదాంట్లో నాళం అంచు ఎక్కడుందో గుర్తిస్తారు. ఆ అంచులన్నీ ఒకదానిమీద ఒకటి పేర్చితే, ఆ మనిషికి మాత్రమే చెందిన నాళం ఆకారం కంప్యూటర్లో లేచి నిలబడుతుంది. దాన్ని లక్షల చిన్నచిన్న గదులుగా విడగొట్టి, ప్రతి గదిలోకి ఎంత రక్తం వస్తోంది, ఎంత పోతోందో లెక్కించమంటారు. అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. స్కాను ఆకారాన్ని చూపిస్తుంది గానీ ప్రవాహాన్ని చూపించదు కదా! అందుకని గుండె కండరం బరువెంతో కొలిచి, ఆ కండరానికి ఎంత రక్తం అవసరమో అంచనా వేస్తారు. మనిషి పరుగెత్తినప్పుడు చిన్న నాళాలు ఎంత తెరుచుకుంటాయో ఇంకో అంచనా. ఈ అంచనాలు సరిగ్గా ఉంటే లెక్క సరిగ్గా వస్తుంది. తప్పితే, అందమైన రంగుల బొమ్మ వస్తుంది. దాన్ని నమ్మి ఎవరికో స్టెంటు వెయ్యడమో మానడమో జరుగుతుంది.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ టేలర్ బృందం ఏళ్ల తరబడి కుస్తీ పట్టింది ఈ అంచనాలతోనే. ఆయన తరువాత పెట్టిన ‘హార్ట్‌ఫ్లో’ సంస్థ పద్ధతికి 2014 నవంబరులో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి దొరికింది. సీటీ స్కానును పంపితే, నాళంలో ఎక్కడ పీడనం ఎంత పడిపోతోందో రంగుల్లో చూపించే నివేదిక తిరిగొస్తుంది. ఓ మాట మాత్రం గుర్తుంచుకోవాలి. ఇదంతా మెల్లగా ముదిరే నొప్పి విషయంలోనే. గుండెపోటు వచ్చిన మనిషి ముందు కూర్చుని ఏ లెక్కలూ కట్టరు. అప్పుడు నిమిషాలే ముఖ్యం.

ఇంతకంటే పాత ఉదాహరణ మన కళ్లముందే ఉంది. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే లాంటి క్యాన్సర్ ఆసుపత్రుల్లో రేడియేషన్ ఇచ్చేముందు రోగికి సీటీ తీస్తారు. కణితి ఎక్కడుంది, పక్కన వెన్నుపాము ఎక్కడుంది అని డాక్టరు గీతలు గీస్తాడు. ఏ దిక్కు నుంచి ఎంత కిరణం పంపితే కణితి మాడి వెన్నుపాము బతుకుతుందో కంప్యూటరు లెక్కగడుతుంది. ఆ లెక్క ఆ ఒక్క మనిషిదే, పక్కమంచం మీది మనిషికి పనికిరాదు. వ్యక్తిగత వైద్యం అని ఇప్పుడు పెద్దపెద్ద సభల్లో చెబుతున్న మాట, అక్కడ ఏళ్లుగా చడీచప్పుడు లేకుండా నడుస్తోంది.

మేక మాంసం దుకాణం కాదు, గొర్రె గుండె కోసం...

ఈ విద్య మొదలైన తీరు భలే ఉంటుంది. 1952లో ఇంగ్లండులో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు నాడిలో విద్యుత్తు ఎలా పరుగెడుతుందో సమీకరణాల్లో రాశారు. లెక్కలు చెయ్యడానికి హక్స్‌లీ దగ్గరున్నది చేత్తో పిడి తిప్పే యంత్రం. 1963లో వాళ్లకు నోబెల్ వచ్చింది. ఆ సమీకరణాలను గుండె కణానికి వర్తింపజేస్తే అది దానంతటదే కొట్టుకుంటుందా అన్న సందేహం లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఓ పరిశోధక విద్యార్థికి వచ్చింది. పేరు డెనిస్ నోబుల్.

ఆ విశ్వవిద్యాలయానికి అప్పుడున్నది ‘మెర్క్యురీ’ అనే ఒక్క కంప్యూటరు. వాల్వులతో పనిచేసే ఆ యంత్రం కోసం భౌతికశాస్త్రం వాళ్లు వరసకట్టి ఉండేవారు. జీవశాస్త్రం చదివే కుర్రాడికి ఎవరిస్తారు? నీకు లెక్కలు రావు, ప్రోగ్రామింగ్ అంతకన్నా రాదు పొమ్మన్నారట. ఆయన వెళ్లి లెక్కల తరగతుల్లో వెనక బెంచీల్లో కూర్చుని నేర్చుకున్నాడు. చివరికి తెల్లవారుజామున 2 నుంచి 4 గంటల దాకా కంప్యూటరు వాడుకోమన్నారు. అది అయ్యాక కబేళాకు వెళ్లి గొర్రె గుండెలు తెచ్చుకుని పగలంతా ప్రయోగాలు! 1960లో ఆయన లెక్కలోని గుండె కణం ఆగకుండా కొట్టుకుంది. ‘నేచర్’ పత్రికలో అచ్చయింది. కంప్యూటర్లో కొట్టుకున్న మొదటి గుండె కణం అదే.

తరువాత ముప్ఫై, నలభై ఏళ్లకు గానీ ఇది ఉద్యమంగా మారలేదు. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో పీటర్ హంటర్ లాంటివాళ్లు 1990లలో ఒంట్లోని ప్రతి అవయవానికీ లెక్కల నమూనా కడదామన్న ‘ఫిజియోమ్’ ప్రాజెక్టు మొదలుపెట్టారు. ఐరోపా దేశాలు దానికి తోడయ్యాయి. 2008లో అమెరికా ఎఫ్‌డీఏ ఓ ఆసక్తికరమైన పని చేసింది. ఇన్సులిన్‌ను దానంతటదే ఇచ్చే కృత్రిమ క్లోమం పద్ధతులను జంతువుల మీద పరీక్షించే బదులు, వర్జీనియా, పాదువా విశ్వవిద్యాలయాలు తయారుచేసిన 300 మంది కంప్యూటర్ మధుమేహ రోగుల మీద పరీక్షించొచ్చని ఒప్పుకుంది. అందులో 100 మంది పెద్దలు, 100 మంది కౌమారంలో ఉన్నవాళ్లు, 100 మంది పిల్లలు. ఒక్కరూ ఊపిరి పీల్చరు. ఒక్కొక్కరి ఒంట్లో ఇన్సులిన్ ఒక్కోలా పనిచేస్తుంది.

మనదేశంలోనూ చట్టం మారింది. 2023 మార్చిలో కొత్త ఔషధాల నిబంధనలను సవరించి, జంతువులకు బదులు కంప్యూటర్ నమూనాలూ చిప్పుల మీద పెంచిన కణజాలాల లాంటి పద్ధతులనూ మందుల పరీక్షల్లో వాడొచ్చని కేంద్రం చేర్చింది. అంటే ఇది తెలిసినవాళ్ల అవసరం మందుల కంపెనీలు నిండిన హైదరాబాద్‌కే ముందు పడుతుంది.

ఎవరి మెదడు కొలత ఎవరికి?

ఇక్కడ ఆగి ఆలోచించాల్సిన సంగతి ఒకటుంది. నమూనా అంటున్నారు సరే, ఎవరి ఒంటిని చూసి కట్టిన నమూనా?

మెదడు సంగతే తీసుకోండి. ఎంఆర్‌ఐలో మెదడు కుంచించుకుపోయిందా లేదా చెప్పాలంటే, మామూలు మెదడు ఎంతుంటుందో తెలిసిన కొలబద్ద ఒకటి కావాలి. ప్రపంచమంతా వాడుతూ వచ్చింది కెనడాలోని మాంట్రియల్ నరాల సంస్థ తయారుచేసినదాన్ని. దానికి ఆధారం తెల్లజాతి వాళ్ల మెదళ్లు. చైనా, కొరియా వాళ్లు తమకు వేరే కావాలని తయారుచేసుకున్నారు. మనకు లేదు.

ఆ లోటు తీర్చే పని జరిగింది హైదరాబాద్‌లోనే. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీలో ప్రొఫెసర్ జయంతి శివస్వామి బృందం, తిరువనంతపురంలోని శ్రీచిత్ర వైద్య సంస్థతో కలిసి 50 మంది పురుషులు, 50 మంది మహిళల ఎంఆర్‌ఐలతో భారతీయుల మెదడు పటాన్ని తయారుచేసింది. అందరూ 21 నుంచి 30 ఏళ్ల మధ్యవాళ్లే. 2019లో ‘న్యూరాలజీ ఇండియా’లో వచ్చిన ఆ పటం పేరు ‘ఐబీఏ 100’. మన మెదడు పొడవు, వెడల్పు, ఎత్తు, మొత్తం పరిమాణం సగటున పాశ్చాత్యులవాటికంటే తక్కువని తేలింది. (అప్పట్లో ఈ వార్త చదివి నొచ్చుకున్నవాళ్లున్నారు. పరిమాణానికీ తెలివికీ ముడిపెట్టక్కర్లేదు. చెప్పుల సైజు లాంటిదే ఇదీ!) ముఖ్యమైన విషయం వేరే ఉంది. వాళ్ల కొలబద్దతో కొలిస్తే ఆరోగ్యంగా ఉన్న మన మెదడే కుంచించుకుపోయినట్లు కనిపించే ప్రమాదం ఉంది. లేని జబ్బు ఉందని రాసే ప్రమాదం.

ఈ పని చేసినవాళ్లలో పరిశోధక విద్యార్థులున్నారు. చదువులో భాగంగా చేసిన పని, దేశానికి కొలబద్ద అయింది.

చేసింది వందమందితోనే, అదీ పాతికేళ్ల లోపూ ముప్ఫై లోపూ వాళ్లతో. అరవై ఏళ్ల మెదడుకు వేరే పటం కావాలి. గుండె విషయంలో చెయ్యాల్సింది ఇంకా ఎక్కువ. దక్షిణాసియా వాళ్లకు గుండెజబ్బు పాశ్చాత్యుల కంటే చిన్న వయసులోనే వస్తుందని ఎన్నో అధ్యయనాలు చెబుతున్నాయి. ఎప్పుడూ పొగాకు దుమ్ము పీలుస్తూ రోజంతా వంగి కూర్చుని బీడీలు చుట్టే ఆడవాళ్ల ఊపిరితిత్తులకు ఏ దేశపు నమూనా సరిపోతుంది? గల్ఫ్ ఎండల్లో పదిహేనేళ్లు పనిచేసి తిరిగొచ్చిన మనిషి మూత్రపిండాలకు? అలాంటి నమూనాలు ఆక్లాండ్‌లోనో స్టాన్‌ఫర్డ్‌లోనో ఎవరూ మనకోసం కట్టిపెట్టరు. గాంధారి, ఎల్లారెడ్డి వైపు ఊళ్లనూ తండాలనూ తెలిసిన పిల్లలెవరైనా ఈ చదువులోకి వెళ్తే తప్ప.

తెలుగులో రాసే మెదడు మాస్టారు

వెళ్లినవాళ్లు లేకపోలేదు. ఐఐటీ మద్రాసులో బయోటెక్నాలజీ విభాగం ఆచార్యుడు వి.శ్రీనివాస చక్రవర్తి తెలుగువాడే. అదే ఐఐటీలో బీటెక్ చేసి, టెక్సాస్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ, హ్యూస్టన్‌లోని బేలర్ వైద్య కళాశాలలో ఆ తరువాతి పరిశోధన చేసి తిరిగొచ్చారు. ఆయన ప్రయోగశాల పేరే కంప్యూటేషనల్ న్యూరోసైన్స్ ల్యాబ్. అక్కడ మెదడు లోలోపలి ‘బేసల్ గాంగ్లియా’ అనే భాగాన్ని కంప్యూటర్లో కడతారు. డోపమైన్ తగ్గితే ఆ నమూనా చెయ్యి చాపడంలో తడబడుతుంది, అడుగు చిన్నదవుతుంది, రాత గజిబిజి అవుతుంది. అచ్చం పార్కిన్సన్స్ రోగిలానే. మందు పెంచినట్లు లెక్కలో మార్చితే ఏం జరుగుతుందో చూస్తారు. ఆ మందు మోతాదు ఒక్కో రోగికి ఒక్కోలా సరిపోతుంది, తక్కువైతే వణుకు, ఎక్కువైతే ఒళ్లు మెలితిరగడం. ఆ సన్నని దారిని ముందే లెక్కగట్టగలిగితే ఎంత మేలో, ఇంట్లో పార్కిన్సన్స్ ఉన్న పెద్దవాళ్లున్నవారికి చెప్పక్కర్లేదు.

ఈయనలో ఇంకో విశేషం, సైన్సును తెలుగులో రాస్తారు. భారతీయ భాషలన్నిటికీ ఒకే లిపి ఉంటే బాగుంటుందని ‘భారతి’ అనే లిపిని రూపొందించిందీ ఈయనే. మెదడు మీద ఇంగ్లిషులో రాసిన ‘డీమిస్టిఫయింగ్ ద బ్రెయిన్’ లెక్కలంటే భయపడేవాళ్లు కూడా తెరవగలిగిన పుస్తకం.

అదే ఐఐటీ మద్రాసులోని మెదడు కేంద్రం 2024 డిసెంబరులో గర్భస్థ శిశువుల మెదళ్లను 5,132 పొరలుగా కోసి తీసిన చిత్రాల సంకలనాన్ని ‘ధరణి’ పేరుతో ప్రపంచానికి ఉచితంగా ఇచ్చింది. వచ్చే పదేళ్లలో పసిమెదడు నమూనాలు కట్టేవాళ్లకు అది ముడిసరుకు.

ఎంపీసీయా... బైపీసీయా?

పదో తరగతి ఫలితాలొచ్చిన రోజు తెలుగిళ్లలో మొదలయ్యే పంచాయితీ ఇది. లెక్కలొస్తే ఎంపీసీ, ఇంజినీరు. రాకపోతే లేదా డాక్టరు కలలుంటే బైపీసీ. పదిహేనేళ్ల పిల్లవాడి ముందు గోడ కట్టి, ఈ పక్కా ఆ పక్కా అంటాం. అవయవాలను కంప్యూటర్లో కట్టే చదువు ఆ గోడ మీద కూర్చుంటుంది. గుండె ఎలా ముడుచుకుంటుందో తెలియాలి, అవకలన సమీకరణాలూ రావాలి. అందుకే ఈ కోర్సుల్లో మొదటి సెమిస్టరు అందరికీ కష్టమే. ఇంజినీరింగ్ నుంచి వచ్చినవాళ్లు కండరాల పేర్లు బట్టీపట్టలేక, ఫార్మసీ నుంచి వచ్చినవాళ్లు మాత్రికల దగ్గర తలపట్టుకుని కూర్చుంటారు.

దారులున్నాయి. బైపీసీ వాళ్లకు కూడా తెలంగాణ ఈఏపీసెట్ (ఒకప్పటి ఎంసెట్) ద్వారా బయోమెడికల్ ఇంజినీరింగ్, బయోటెక్నాలజీల్లో బీటెక్ సీట్లున్నాయన్న సంగతి చాలామందికి తెలియదు. ఎంబీబీఎస్ సీటు రాలేదని మూడేళ్లు లాంగ్‌టర్మ్ కోచింగుల్లో గడిపే పిల్లల తల్లిదండ్రులు ఈ వాక్యాన్ని రెండోసారి చదవాలి. 2023లో ఐఐటీ మద్రాసు వైద్యశాస్త్రాలూ ఇంజినీరింగూ కలిపిన నాలుగేళ్ల బీఎస్ కోర్సు పెట్టింది. దానికి జేఈఈ కాదు, ఐసర్ల ప్రవేశ పరీక్ష రాయాలి.

పీజీకి వస్తే ‘గేట్’ ముఖ్యం. 2020 నుంచి అందులో బయోమెడికల్ ఇంజినీరింగుకు విడిగా పేపరు ఉంది. సంగారెడ్డి దగ్గర కందిలో ఉన్న, 2008లో మొదలైన హైదరాబాద్ ఐఐటీలో బయోమెడికల్ ఇంజినీరింగ్ విభాగం ఉంది, గేట్‌తో చేరే ఎంటెక్ ఉంది. గేట్‌తో ఎంటెక్‌లో చేరినవాళ్లకు నెలకు 12,400 రూపాయల ఉపకారవేతనం వస్తుంది. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ సొంతంగా ‘పీజీఈఈ’ అనే పరీక్ష పెట్టుకుంటుంది. అక్కడ పరిశోధనతో కూడిన ఎమ్మెస్ ఉంది. మెకానికల్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్స్ చదివినవాళ్లు కూడా ఈ రంగంలోకి రావచ్చు. నిజానికి రక్తప్రవాహం లెక్కలు చేసేవాళ్లలో మెకానికల్ వాళ్లే ఎక్కువ కనిపిస్తారు. విమానం రెక్క మీద గాలికీ, నాళంలో రక్తానికీ వాళ్లు రాసే సమీకరణాలు ఒకటే.

విదేశాల్లో ఇంగ్లండులోని షెఫీల్డ్, స్పెయిన్‌లోని బార్సిలోనా, న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ ఈ చదువుకు పేరున్న చోట్లు. అప్పుచేసి వెళ్లేముందు ఒక్కటి చూసుకోవాలి. ఆ కోర్సులో ఆసుపత్రితో కలిసి చేసే ప్రాజెక్టు ఉందా లేదా? లేకపోతే అది పేరు మార్చిన కంప్యూటర్ కోర్సే.

తరగతిలో ఏం చేస్తారు? సినిమాలో చూపించినట్లు గాల్లో తేలే గుండెను వేలితో తిప్పడం ఉండదు. మొదటి కొన్ని నెలలు సీటీ పొరల మీద నాళం అంచులు గీస్తూనే గడిచిపోతాయి. కళ్లు లాగుతాయి. తరువాత ప్రోగ్రాములు రాయడం, అవి తప్పు జవాబులివ్వడం, ఎందుకో తెలియక వారాలు గడవడం. అన్నిటికంటే చివర నేర్పేదీ, అన్నిటికంటే విలువైనదీ, తన నమూనాను తానే అనుమానించడం. వైద్య పరికరాల విషయంలో కంప్యూటర్ నమూనాను ఎంతవరకు నమ్మాలో చెప్పే ప్రమాణాన్ని అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘం 2018లో రాసిపెట్టింది. దాని సారం మామూలు మాటల్లో చెప్పాలంటే, లెక్క తప్పితే మనిషికి ఎంత నష్టమో ముందు చూడు, నష్టం ఎంత పెద్దదైతే రుజువు అంత గట్టిగా చూపించు. ఇంత మంచి పాఠం మన ఇంజినీరింగ్ కాలేజీల్లో మిగతా కోర్సులకూ పెడితే బాగుండు!

ఉద్యోగాలా? నిజం చెప్పుకోవాలి. క్యాంపస్‌కు వచ్చి వందల మందిని ఎత్తుకుపోయే రంగం కాదిది. మెడ్‌ట్రానిక్ సంస్థకు అమెరికా బయట అతిపెద్ద పరిశోధన కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది. సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాల పార్కు ఉంది. మందుల కంపెనీలున్నాయి. అయినా బీటెక్ కాగానే సాఫ్ట్‌వేరులో చేరిన స్నేహితుడు బైకు కొనేసరికి, ఈ పిల్ల ఇంకా ఉపకారవేతనంలోంచి మెస్ బిల్లు కడుతూ ఉంటుంది. చెల్లెలి పెళ్లి బాకీ ఉన్న ఇంట్లో, గల్ఫ్ అప్పు తీరని ఇంట్లో ఆ రెండేళ్లు చిన్నవి కావు. పీహెచ్‌డీ అంటే ఇంకో అయిదారేళ్లు.

ఖర్చులేకుండా రుచి చూసే వీలు మాత్రం ఉంది. స్కాను పొరల్లోంచి అవయవాన్ని బయటికి తీసే ‘త్రీడీ స్లైసర్’, నాళాల్లో రక్తప్రవాహాన్ని లెక్కగట్టే ‘సిమ్‌వాస్క్యులర్’ ఉచితంగా దొరుకుతాయి. ఐఐటీ మాస్టార్ల పాఠాలు ‘ఎన్‌పీటెల్’లో ఉచితంగా వినొచ్చు. కాస్త మంచి ల్యాప్‌టాప్, చాలా ఓపిక ఉంటే చాలు.

మళ్లీ గాంధారి కుటుంబం దగ్గరకు వద్దాం. డాక్టరు ఆ పిల్ల ప్రశ్నను కొట్టిపారెయ్యలేదనుకుందాం. తీగ పంపి కొలిచాడు. మూడింటిలో రెండుచోట్ల కొలత 80 శాతం పైనే ఉంది. ఒక్కచోట 71. ఒక్క స్టెంటు వేసి, మిగతావాటికి మందులు రాసి పంపాడు. ఇంటికొచ్చాక సీటీ యాంజియో సీడీ, రిపోర్టుల కవరుతో సహా బీరువాలో పట్టుచీరల కింద చేరింది. అందరిళ్లలో చేరేది అక్కడికే.

దసరా సెలవులకు వచ్చినప్పుడు కూతురు దాన్ని బయటికి తీసింది. సీడీ పెట్టే చోటు తన ల్యాప్‌టాప్‌కు లేదు. మీ సేవ నడిపే అబ్బాయి దగ్గర పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకొచ్చింది. స్లైసర్‌లో తెరిస్తే నల్లగా, బూడిదరంగులో వందల పొరలు. సాయంత్రం నుంచి రాత్రి పదకొండు దాకా కూర్చుని గీస్తే రెండు అంగుళాల నాళం కూడా రాలేదు. వచ్చింది కూడా అక్కడక్కడా తెగిపోయింది.

బీడీల చాట పక్కకు పెట్టి తల్లి తొంగిచూసింది. తండ్రి కళ్లద్దాలు పెట్టుకుని దగ్గరికొచ్చాడు.

‘‘గిది నాదేనా బిడ్డా?’’

‘‘నీదే బాపూ.’’

‘‘ఏడ మూసుకపోయింది?’’

తెగిపోయిన చోటుకీ సన్నబడ్డ చోటుకీ తేడా చెప్పడం ఆ పిల్లకు ఇంకా రాదు. వేలు పెట్టబోయి, ఆగి, మళ్లీ మొదటి పొర నుంచి చూడ్డం మొదలుపెట్టింది.